ఆయమ్మ జీతం కూడా మందే

ఫిబ్రవరిలో నులిపురుగుల మాత్రలు వేసిన రెండోరోజు పొద్దున నేను బడికి వెళ్ళేసరికి గేటు దగ్గర ఒకామె నిలబడి ఉంది. మా రెండో తరగతి పిల్ల తల్లి. మిరపకోతలకి బయల్దేరిన మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో అన్నం క్యారేజీతో ఉంది. నన్ను చూడగానే ఎదురొచ్చింది. "టీచరమ్మా, మొన్న మీరేసిన బిళ్ళకి మా పిల్లకి పాములు పడ్డాయి" అంది. గొంతు వణుకుతోంది. ఫోన్ తీసి ఫొటో చూపించింది. దొడ్డి గచ్చు మీద మూడు పురుగులు. జానెడుకి కాస్త ఎక్కువ పొడవు, పాలిపోయిన గులాబీ రంగు, రెండు కొసలూ సన్నగా ఉన్నాయి. చూడ్డానికి వానపాముల్లాగే ఉన్నాయి గానీ వానపాము ఒంటిమీద కనబడే గీతలు లేవు, నున్నగా ఉన్నాయి.

ఆమె బిళ్ళ వికటించిందనుకుంది. అవి బిళ్ళ వల్ల పుట్టినవి కావని, అంతకుముందే కడుపులో కాపురమున్న ఏలికపాములని, బిళ్ళ వాటిని బయటికి పంపిందని చెప్పాను. కాస్త కుదుటపడింది. "మరి లోపలికెలా వెళ్ళాయి? మా పిల్ల మట్టి తినదు. పురుగులు పడతాయని బెల్లం ముక్క కూడా పెట్టను" అంది. చేతులు సరిగ్గా కడుక్కోకపోతే వస్తాయమ్మా అన్నాను, పాఠంలో చెప్పినట్టు. అప్పుడామె నా మొహంలోకి చూసి, "ఇంటికాడ కడుగుద్ది టీచరమ్మా. మాకు దొడ్డుంది, కుళాయుంది, సబ్బుంది. బడికాడ సంగతి నాకేం తెలుసు?" అంది.

కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. బడి దగ్గర సంగతి నాకు తెలుసు. తెలిసీ అన్నేళ్ళుగా దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు.

ఆగస్టు విడతలో మళ్ళీ మాత్రలేశాం. మళ్ళీ అదే తల్లి, ఈసారి గేటు దగ్గర కాదు, నేరుగా క్లాసు గుమ్మం దగ్గరికొచ్చింది. ఈసారి రెండు పడ్డాయట. భయం లేదు ఆమెలో. "మళ్ళీ ఎందుకొచ్చాయి?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకి నేను వెతుక్కున్న సమాధానమే ఈ వ్యాసం.

ముందు పురుగు సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని బతుకు తెలిస్తే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది. ఆడ ఏలికపాము రోజుకి దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటికొస్తాయి. బయటపడ్డ గుడ్డు ఆ రోజే ఎవరికీ అంటదు. నీడ, తడి, కాస్త వెచ్చదనం ఉన్న మట్టిలో రెండు మూడు వారాలుంటేనే దాని లోపల పిల్లపురుగు తయారవుతుంది. తయారయ్యాక మాత్రం మొండిది. మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది, మంచినీళ్ళలో కలిపే క్లోరిన్‌కి చావదు. పైపొర జిగటగా ఉంటుంది కాబట్టి గోటి సందులో, పెన్సిల్ మీద, జామకాయ మీద, బంతి మీద పట్టుకుని కూర్చుంటుంది. పిల్ల మింగాక గుడ్డు పేగులో పగులుతుంది. పిల్లపురుగు పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడి, కాలేయం మీదుగా ఊపిరితిత్తుల్లోకి చేరి, అక్కణ్ణుంచి గొంతులోకి పాకి, మళ్ళీ మింగుడుపడి పేగులోకి వస్తుంది. ఇంత తిరుగుడంతా అయ్యి అది పెరిగి పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు చాలు.

ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు. లెక్క చూసుకోండి.

మాత్ర చేసే పని ఒక్కటే. ఆ రోజుకి పేగులో ఉన్న పురుగుకి చక్కెర అందకుండా చేసి చంపుతుంది. బడి గోడ వెనక మట్టిలో ఉన్న గుడ్డుని అది ముట్టుకోదు. ఒకసారి మందు వేశాక పురుగులు ఎంత త్వరగా మళ్ళీ చేరతాయో పలు దేశాల అధ్యయనాలని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2012లో వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి ఏలికపాములు మొదటున్న స్థాయిలో 68 శాతానికి, ఏడాదికి 94 శాతానికి వచ్చేశాయి. అంటే ఏడాదిలో దాదాపు మొదటికే వచ్చినట్టు. మరో రకమైన కొరడాపురుగుల విషయంలో ఒక్క డోసు ఆల్బెండజోల్, అంటే మనం బడిలో వేసే ఈ మాత్ర, అసలే అంతంతమాత్రం. మా పిల్లకి ఆగస్టులో మళ్ళీ పాములు పడటం వింతేమీ కాదు, అలా జరగకపోతేనే వింత.

ఇంకో రకం, కొంకిపురుగు. దానికి నోటితో కూడా పనిలేదు. తడిసిన, నీడ పట్టిన నేలలో దాని గుడ్డు ఒకటి రెండు రోజుల్లోనే పగులుతుంది. వారం పది రోజుల్లో ఆ పిల్లపురుగు మనిషి చర్మం కోసం కాచుకుని ఉంటుంది. పిల్ల ఉత్త కాళ్ళతో అటు వెళ్తే చాలు, వేళ్ళ సందుల్లోంచి లోపలికి పోతుంది. కాలు దురద పెడుతుంది, గీరుకుంటారు, మర్చిపోతారు. పేగు చేరాక గోడకి కరుచుకుని రక్తం తాగుతుంది. వీటిలో పెద్ద రకం ఒక్కోటీ రోజుకి 0.2 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. యాభై పురుగులుంటే రోజుకి రెండు టీస్పూన్ల రక్తం. ఐదోసారి జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. ఇదంతా పురుగుల వల్లేనని నేననను. తిండిలో ఇనుము లేకపోవడం అన్నిటికన్నా పెద్ద కారణం. కానీ అసలే తక్కువ రక్తమున్న పిల్ల నుంచి రోజుకి రెండు చెంచాలు పోతుంటే, మనం పెట్టే కోడిగుడ్డూ, చిక్కీ, రాగిజావా ఎవరికి పెడుతున్నట్టు?

మా నాయనమ్మ ఉన్నప్పుడు నెలకోసారి వేపాకూ పసుపూ నూరి ఉండలు చేసి మింగించేది. నిద్రలో పళ్ళు కొరికితే పురుగులనేది, చెంప మీద తెల్లమచ్చ కనబడితే పురుగులనేది, తీపి తింటే పురుగులు పుడతాయనేది. ఆవిడ ప్రేమ మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ ఆ మాటలు ఇప్పటికీ మా ఊళ్ళో తల్లుల నోట వింటున్నప్పుడు బాధేస్తుంది. తీపిలోంచి పురుగు పుట్టదు. చెంప మీద మచ్చకీ పురుగుకీ సంబంధం లేదు. ఈ పురుగు మనిషి మలంలోంచి వస్తుంది, ఇంకే దారీ లేదు. ఈ ఒక్క మాట మనం మర్యాదకి పోయి పిల్లల ముందు, తల్లుల ముందు గట్టిగా చెప్పం. చెప్పనందుకే తల్లి బెల్లం దాచిపెడుతుంది గానీ బడి దొడ్డి ఎలా ఉందో చూడ్డానికి రాదు.

ఆ ఆగస్టు మధ్యాహ్నం నేను బడి వెనక్కి వెళ్ళాను. మామూలుగా వెళ్ళం. ప్రహరీకీ క్లాసు గదికీ మధ్య ఆరేడు అడుగుల సందు ఉంది, పైన వేపచెట్టు నీడ. భోజనాలయ్యాక పిల్లలు కంచాలు కడిగిన నీళ్ళు అటే పారతాయి కాబట్టి ఎప్పుడూ చెమ్మే. గోడ వారగా పాతవీ కొత్తవీ మలం గుర్తులున్నాయి. ఒకటో తరగతి పిల్లల చెప్పుల్లేని పాదాల గుర్తులు ఆ బురదలో స్పష్టంగా, ఐదు వేళ్ళూ లెక్కపెట్టగలిగేట్టు ఉన్నాయి. నీడ, తడి, వెచ్చదనం అని ఇందాక చెప్పానే, ఆ మూడూ అక్కడున్నాయి. పురుగుకి ఇంతకన్నా మంచి చోటు ఎవరూ కట్టించి ఇవ్వలేరు.

ఆ సందుకి ఇరవై అడుగుల దూరంలో మా మరుగుదొడ్లు ఉన్నాయి. నాలుగు గదులు, టైల్స్, గోడల మీద రంగుల బొమ్మలు. ఆ నాలుగింటిలో మూడింటికి తాళం.

తాళం ఎందుకేశారని అడిగితే ప్రతి బడిలో ఒకటే జవాబు. నీళ్ళు లేనప్పుడు పిల్లలు వాడితే కంపుకొడుతుంది, కడిగేవాళ్ళు లేరు, అందుకని వేశాం. మోటారు కాలి నెల దాటింది. దొడ్లు కడిగే ఆయమ్మకి మూడు నెలలుగా డబ్బులు రాలేదు, ఆమె ఆ వారమంతా మిరప తోటలో మొక్కనాట్లకి పోయింది. తెరిచున్న నాలుగోది టీచర్లు వాడుకునేది. ఈ ముక్క రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మిగతా మూడింటి తాళంచెవులు నా టేబుల్ సొరుగులోనే ఉండేవి.

2014 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని ఏడాదిలో ప్రతి బడికీ ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉండాలన్నారు. ఏడాది తిరిగేసరికి 2.61 లక్షల బడుల్లో 4.17 లక్షల మరుగుదొడ్లు పూర్తయ్యాయని కేంద్రం ప్రకటించింది. మంచి పనే. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేవాళ్ళెవరైనా సంతోషించాల్సిన పని. ఆ దొడ్లలో ప్రభుత్వరంగ సంస్థలు కట్టినవాటిని, ప్రభుత్వ లెక్కలు చూసే కాగ్ తనిఖీ చేసి 2020లో నివేదిక పార్లమెంటుకిచ్చింది. 15 రాష్ట్రాల్లో 2,695 దొడ్లని చూశారు. కట్టినవాటిలో 30 శాతం వాడుకలో లేవు. 72 శాతంలో లోపల కుళాయి నీళ్ళు లేవు. 55 శాతం చోట్ల చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు. చూసినవాటిలో కట్టడం పూర్తయిన 2,326 దొడ్లలో 715 అసలు కడగనే కడగడం లేదు. ఈ అంకెలు చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, మా బడి కనబడింది. కట్టడానికి ఒకసారి డబ్బు కావాలి. కడగడానికి రోజూ కావాలి. మన ప్రభుత్వాలకి, ఏ పార్టీదైనా సరే, ఒకసారి డబ్బు పెట్టడం చేతనవును. గోడకి శిలాఫలకం పెట్టుకోవచ్చు. రోజూ రెండు వందల రూపాయలు ఒక ఆడమనిషి చేతిలో పెట్టడానికి శిలాఫలకం ఉండదు.

అందుకే నా వాదన ఇది. పిల్లల కడుపులో పురుగులు పోవాలంటే ఆరు నెలలకోసారి మాత్ర ఎంత ముఖ్యమో, బడి దొడ్డి కడిగే మనిషికి నెలనెలా ఒకటో తారీఖున జీతం పడటం అంతకన్నా ముఖ్యం. దాన్ని పారిశుద్ధ్యం పద్దు కింద కాదు, పిల్లల ఆరోగ్యం పద్దు కింద చూడాలి. ఆల్బెండజోల్ స్టాకు జాతీయ నులిపురుగుల దినమైన ఫిబ్రవరి 10కి రాకపోతే జిల్లా అంతా ఫోన్లు మోగుతాయి. ఆయమ్మ జీతం మూడు నెలలు రాకపోతే ఒక్క ఫోనూ మోగదు. నాకు తెలిసినంతలో రెండోది ఆగినప్పుడే పిల్లలకి ఎక్కువ నష్టం జరుగుతోంది.

మా ఆయమ్మ మళ్ళీ పనిలోకి వచ్చాక, మోటారు ఇంకా బాగుకాక ముందు, ఒక పొద్దున ఆమె పని చేస్తుండగా పక్కనే నిలబడి చూశాను. ఎనిమిదింటికి వచ్చింది. మోటారు లేదు కాబట్టి బోరింగు దగ్గర కొట్టుకుని బకెట్లు మోసింది. ముందు పొడి చీపురుతో ఊడ్చి, బ్లీచింగ్ చల్లి, బయట గట్టు మీద కాసేపు కూర్చుంది, ఘాటు తగ్గాలని. తర్వాత వంగి బ్రష్‌తో బేసిన్ అంచు లోపలివైపు, కంటికి కనబడని చోట, చేత్తో తడుముతూ రుద్దింది. ఒక్కో గదికి మూడు బకెట్లు. నాలుగు గదులకి పన్నెండు, గచ్చుకి ఇంకో రెండు. గ్లవుజులు ఏవమ్మా అంటే, "మొదట్లో ఇచ్చారు టీచరుగారూ, చిరిగిపోయినాయి" అంది. వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి, చూపుడువేలి పక్కన యాసిడ్ పడిన మచ్చ ఉంది. కాళ్ళకి రబ్బరు చెప్పులు, మడమ దాకా తడి. "పిల్లకాయలు పోయినాక ఒక మగ్గు నీళ్ళు కొడితే సగం పని తగ్గుద్ది. కొట్టడానికి మగ్గేది?" అంది. నిజమే, మగ్గు లేదు. నాలుగు గదులు, టైల్స్, బొమ్మలు, మగ్గు లేదు.

మరో సంగతి అప్పుడే తట్టింది. ఏడాది వయసు నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా అందరికీ మాత్రలిస్తాం. బడిలో అందరికన్నా ఎక్కువగా మలాన్ని తాకే మనిషికి ఆ వరసలో చోటు లేదు. ఏఎన్ఎం గారితో మాట్లాడి ఆసుపత్రిలో చూపించుకోమని పంపాను. అది నేను చేయగలిగిన చిన్న పని. వ్యవస్థ చేయాల్సిన పని వేరే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని మొదలుపెట్టలేదని కాదు. 2019 నవంబరు 14న మొదలైన, బడులని బాగుచేసే నాడు-నేడు పథకంలో మొట్టమొదటి అంశమే నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు. పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే అమ్మఒడి డబ్బులోంచి వెయ్యి రూపాయలు పక్కన పెట్టి మరుగుదొడ్ల నిర్వహణ నిధి ఏర్పాటు చేశారు, నెలకి 6,000 గౌరవ వేతనంతో ఆయాలని పెట్టారు. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనంలో 15,000 నుంచి 2,000 బడి నిర్వహణకి తీసి, తల్లి ఖాతాలో 13,000 వేస్తున్నారు. తెలంగాణలో పాత స్కావెంజర్లని తీసేశాక కొన్నేళ్ళు బడులు పంచాయతీ సిబ్బంది దయ మీద నడిచాయి. 2024 ఆగస్టులో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకి బడి శుభ్రతకి పిల్లల సంఖ్యని బట్టి నెలకి 3,000 నుంచి 20,000 దాకా ఇచ్చేలా ఉత్తర్వులిచ్చారు. ఆలోచన ఉంది, పద్దు ఉంది. కానీ నెలకి 6,000 అంటే రోజుకి 200. ఉపాధి హామీలో మట్టి తవ్వితే 2025–26లో రోజు కూలి 307. ఏ మనిషైనా మట్టికే పోతుంది, పోకపోతే ఆ మనిషికి ఇంకో దారి లేదని అర్థం. ఆ 200 కూడా మూడు నెలలకోసారి వస్తే మిరప తోటే గతి.

ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళ పాటు టీచర్లు రోజూ మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాల్సి వచ్చింది. మా సాటి టీచర్లు చాలామంది దాన్ని అవమానంగా భావించారు. నా అభిప్రాయం కొంచెం వేరు. పిల్లలు వెళ్ళే చోటుని టీచరు చూడటంలో అవమానమేమీ లేదు, చూడకపోవడమే తప్పు. నా అభ్యంతరం వేరే దగ్గర ఉంది. మురికి దొడ్డి ఫొటో పైకి వెళ్తే కిందికి బకెట్టు రావాలి, మోటారుకి మెకానిక్ రావాలి. అది రాలేదు. మెమో వచ్చింది. అప్పట్నుంచి శుభ్రంగా ఉన్న ఒక్క గది ఫొటోనే రోజూ పోయేది.

ఇక్కడ నాకు తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది. జపాన్‌లో పిల్లలే బడి శుభ్రం చేసుకుంటారు కదా, మన పిల్లలతో చేయిస్తే తప్పేంటి అని. చదువుకున్నవాళ్ళే అంటారు. నేను చదువుకున్న బడిలో నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయిని వారానికి రెండుసార్లు దొడ్డికి నీళ్ళు పోయడానికి పంపేవారు. ఒకసారి కూడా నన్ను పంపలేదు. మా ఇద్దరి వయసూ ఒకటే, ఎత్తూ ఒకటే. ఆమెది కాలనీ, నాది ఊరు. అప్పుడు నాకు అది తేడాగా కూడా అనిపించలేదు, అంత మామూలుగా జరిగింది. ఆమె ఐదుతో బడి మానేసింది. జపాన్‌లో ప్రతి పిల్లా వంతులవారీగా చేస్తుంది, ఎవరి కులం ఏదని వంతు వేయరు. మన దగ్గర చీపురు ఎవరి చేతికి వెళ్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు, దానంతటదే వెళ్తుంది. అది ఆగిందని నాకు నమ్మకం కుదిరేదాకా పిల్లల చేత దొడ్డి కడిగించడానికి నేను ఒప్పుకోను. పెద్దమనిషికి సరైన జీతమిచ్చి, గ్లవుజులిచ్చి, పొడుగు కర్ర బ్రష్ ఇచ్చి చేయించాలి. పిల్లలు నేర్చుకోవాల్సింది తాము వెళ్ళాక నీళ్ళు కొట్టడం.

మాత్రల మీద కూడా వాదనలున్నాయి. 2013లో వెలువడ్డ ఉత్తరప్రదేశ్ అధ్యయనంలో పది లక్షల మంది చిన్నపిల్లలని ఏళ్ళ తరబడి చూస్తే, క్రమం తప్పకుండా నులిపురుగుల మందు వేసినా బరువులో గానీ మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అటువైపు కెన్యాలోని బుసియా ప్రాంతంలో 75 బడుల్లో చేసిన ప్రయోగంలో మాత్రలిచ్చిన బడుల్లో పిల్లల గైర్హాజరు పావువంతు తగ్గింది. మాత్ర మింగని పక్క పిల్లలకి కూడా మేలు జరిగింది, ఎందుకంటే మట్టిలోకి పోయే గుడ్లు తగ్గాయి. ఆ ప్రయోగం చేసినవారిలో ఒకరైన మైకేల్ క్రెమర్‌కి 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. దాని లెక్కల మీద తర్వాత పెద్ద రగడే జరిగింది. నేను మాత్రలు ఆపమనే పక్షం కాదు. ఆ తల్లి ఫోన్‌లో ఫొటో చూసినవాళ్ళెవరూ ఆపమనరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లోనే, దేశమంతా జాతీయ దినం పెట్టుకోక ఆరేళ్ళ ముందే, బడుల్లో ఈ మాత్రలివ్వడం మొదలుపెట్టింది. అది గర్వంగా చెప్పుకోవాల్సిందే. కానీ మొదలుపెట్టి ఇన్నేళ్ళయినా ఇంకా అదే మాత్ర అదే పిల్లలకి వేస్తూనే ఉన్నామంటే మట్టి మారలేదన్నమాట.

మట్టి మారినచోటు ఒకటి చెబుతాను. దక్షిణ కొరియాలో 1963లో తొమ్మిదేళ్ళ పిల్ల పేగులు మూసుకుపోయి చనిపోయింది. ఆపరేషన్‌లో తీసినవి 1,063 ఏలికపాములు. ఆ దేశం కదిలింది. 1966లో చట్టం చేశారు, 1969 నుంచి బడి పిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు మల పరీక్ష, గుడ్లు కనబడితే మందు. 1971 సర్వేలో నూటికి 84 మంది కడుపులో ఏదో ఒక పురుగు ఉంది. 1997కి రెండున్నర శాతం లోపుకి వచ్చింది. ఆ పాతికేళ్ళలో మందు ఒక్కటే పనిచేయలేదు. పొలాల్లో మనిషి మలాన్ని ఎరువుగా చల్లడం మానేశారు, దొడ్లు మారాయి, నీళ్ళు వచ్చాయి. పరీక్ష చేయించుకున్న ప్రతి పిల్లకీ తన కడుపులో ఏముందో తెలిసింది. మన పిల్లలకి మాత్ర తెలుసు, ఎందుకో తెలియదు. కడుపులో ఉన్నాయో లేదో ఎవరూ చూడరు.

మా బడిలో మేం చేసింది చిన్నదే. ఎనభై మూడు మంది పిల్లలకి భోజనం ముందు ఒక్క కుళాయి ఉండేది. సబ్బుతో సరిగ్గా కడగడానికి ఒక్కొక్కరికీ ఇరవై సెకన్లు పట్టినా మొత్తం దాదాపు అరగంట. అన్నం చల్లారిపోతుంది, కాబట్టి ఎవరూ కడగరు, నీళ్ళు తాకించుకుని పరిగెత్తుతారు. పిల్లలకి అలవాటు లేదని మేం తిట్టేవాళ్ళం. లెక్క వేశాక తెలిసింది, తప్పు అలవాటుది కాదు, కుళాయిది. ఊళ్ళో ప్లంబింగ్ పని చేసే ఒక తండ్రి పీవీసీ పైపుకి జానెడు దూరంలో ఒక్కోటి చొప్పున పది రంధ్రాలు వేసి, పిల్లల నడుమెత్తులో గోడకి బిగించాడు. తిప్పే వాల్వు ఒక్కటే. పది మంది పది మంది చొప్పున ఐదారు నిమిషాల్లో అయిపోతోంది. సబ్బు బిళ్ళలు పోతున్నాయని పాత మేజోళ్ళలో వేసి పైపుకి కట్టాం. మేజోడు మీదే చెయ్యి రుద్దుకుంటే నురగ వస్తుంది. సోమవారం ప్రార్థన తర్వాత గోళ్ళు. ఆ నీళ్ళు వెనక సందులోకి పోకుండా కాలువ తవ్వి చెట్లకి మళ్ళించాం. సందులో మట్టి ఎండిపోయింది.

తాళాలు తీశాం. ఈ మాట ఒక్క వాక్యంలో రాస్తున్నాను గానీ దానికి మాకు రెండు నెలలు పట్టింది. మోటారు బాగుచేయించడం, టీచర్ల మధ్య గొడవ, ఆయమ్మని తోటలోంచి వెనక్కి పిలవడం. "డబ్బులొస్తాయా టీచరుగారూ?" అని ఒకటే ప్రశ్న అడిగింది. వస్తాయని నేను మాటిచ్చాను, ఇవ్వగలిగే హక్కు నాకు లేకపోయినా. ఆ రెండు నెలలు టీచర్లం తలా కొంత వేసుకుని ఇచ్చాం. అది పరిష్కారం కాదు, కానీ ఆగితే మళ్ళీ తాళమే.

తాళం తీసిన వారంలో నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఐదో తరగతి ఆడపిల్లలు సీసాల్లో నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. అంతకుముందు పొద్దున తెచ్చిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికి పోయేది. ఎండాకాలంలో కూడా అంతే. తాగితే ఒంటికి వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు, కాబట్టి తాగేవాళ్ళు కాదు. ఆరు గంటలపాటు పదేళ్ళ పిల్ల గొంతు తడుపుకోకుండా కూర్చుని నా దగ్గర భాగహారాలు చేసింది. ఇన్నేళ్ళూ నేను వాళ్ళకి తలనొప్పి ఎందుకొస్తోందో అనుకునేదాన్ని.

తర్వాత జరిగిన బడి కమిటీ సమావేశానికి ఆ తల్లి వచ్చింది. మామూలుగా రాదు, కూలి పోతుందని. యూనిఫారాల గురించి, పుస్తకాల గురించి మాటలయ్యాక లేచి నిలబడింది. తువ్వాలు చేతిలో నలుపుకుంటూ, "మాకు పదమూడేలు పడ్డాయి. రెండేలు బడికి ఉంచారన్నారు. ఆ రెండేల్లో ఆయమ్మకి ఎంత పోతాంది? ఏ నెల దాకా ఇచ్చారు?" అని అడిగింది.

గదిలో నిశ్శబ్దం. గుమ్మం అవతల బకెట్టు పక్కన పెట్టుకుని నిలబడ్డ ఆయమ్మ తల వంచుకుంది. హెచ్‌ఎం గారు కళ్ళజోడు సర్దుకుని, బీరువా తీసి, రిజిస్టరు తెచ్చి టేబుల్ మీద తెరిచారు. ఇంకో ఇద్దరు తల్లులు లేచి టేబుల్ దగ్గరికి వచ్చారు.